తీవ్ర పాంక్రియాటైటిస్: ఆపరేషన్ ఎప్పుడు, ఏ దారిన?

తీవ్రమైన పాంక్రియాటైటిస్‌తో, అంటే క్లోమం (పాంక్రియాస్) వాపుతో, ఐసీయూలో ఉన్న మనిషి బంధువులు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "పాడైన భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేయవచ్చు కదా, ఇంకా దేనికోసం చూస్తున్నారు?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అపెండిక్స్ పగిలినా, పేగుకు చిల్లు పడినా ఆలస్యమే ప్రాణం తీస్తుంది. క్లోమం విషయంలో ఆ లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ తొందరపడి పొట్ట తెరవడమే చాలాసార్లు జబ్బుకన్నా పెద్ద ప్రమాదం.

ఈ జబ్బులో నిర్ణయించుకోవలసినవి రెండు: సమయం, దారి. రెండింటిలో సమయమే పెద్దదని నా గట్టి నమ్మకం. కోతా, ఎండోస్కోపీనా, ట్యూబా అన్న చర్చ ఆస్పత్రుల్లోనూ ఇళ్లలోనూ చాలా జరుగుతుంది. "ఇవాళ చేయాలా, ఆగగలమా" అన్న ప్రశ్న మాత్రం అందులో వెనకబడిపోతుంది. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

ఈ ఎంపిక ఎవరికి అవసరం

క్లోమం వాచిన ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురికి జబ్బు స్వల్పంగానే ఉండి, సెలైన్, నొప్పి మందులు, త్వరగా మొదలుపెట్టిన ఆహారంతో కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. వారికి క్లోమం మీద ఏ ఆపరేషనూ అక్కర్లేదు. 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ (ఈ జబ్బు తీవ్రతను నిర్ణయించే అంతర్జాతీయ పద్ధతి) ప్రకారం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తప్రసరణ వీటిలో ఏ ఒక్కటైనా దెబ్బతిని, 48 గంటలు దాటినా కోలుకోకపోతే దాన్ని తీవ్రమైన జబ్బుగా లెక్కిస్తారు. రక్తపరీక్షలో చూసే క్లోమ ఎంజైములు లైపేజ్, అమైలేజ్ ఎంత పెరిగాయన్నదానికి ఈ తీవ్రతతో సంబంధం లేదు. రిపోర్టులో అంకె వేలల్లో ఉందని హడలిపోనక్కర్లేదు, మర్నాటికి తగ్గిందని ధీమా పడనూ కూడదు.

క్లోమంలో గానీ దాని చుట్టూ ఉన్న కొవ్వులో గానీ కణజాలం చచ్చిపోవడాన్ని నెక్రోసిస్ అంటారు. మొదటి రోజు తీసిన సీటీ స్కాన్‌లో ఇది సరిగా కనిపించదు. మూడు నాలుగు రోజులు గడిచాకే దాని విస్తీర్ణం తెలుస్తుంది. స్కాన్‌లో నెక్రోసిస్ ఉందనగానే తీసేయాలని కాదు. దానికి ఇన్‌ఫెక్షన్ సోకకపోతే చాలామందిలో శరీరమే దాన్ని నెమ్మదిగా కరిగించుకుంటుంది. దాదాపు మూడింట ఒక వంతు మందిలో మాత్రం, ఎక్కువగా రెండో వారం దాటాక, బ్యాక్టీరియా అందులో చేరుతుంది. వాటిలో చాలావరకు పేగుల నుంచి వచ్చినవే. కోలుకుంటున్న మనిషి మళ్లీ దిగజారడం, తగ్గిన జ్వరం తిరిగి రావడం, స్కాన్‌లో ఆ చోట గాలి బుడగలు కనిపించడం దీని గుర్తులు. ఆపరేషన్ ప్రశ్న నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

మొదటి వారంలో వచ్చే జ్వరం వేరు. అది చాలావరకు వాపు వల్లే వస్తుంది, ఇన్‌ఫెక్షన్ వల్ల కాదు. ఆ దశలో ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ ఇవ్వడం వల్ల మేలు జరిగినట్టు మంచి పరిశోధనలేవీ నిరూపించలేదు. పైగా మందులకు లొంగని బ్యాక్టీరియా, ఫంగస్ తర్వాత తలెత్తుతాయి.

ఇప్పుడా, ఆగాలా

ఒకప్పుడు సర్జన్లు మొదటి రోజుల్లోనే పొట్ట తెరిచి, నల్లబడిన కణజాలాన్ని తీసేసేవారు. వారి ఉద్దేశం మంచిదే. అయితే ఆ దశలో చచ్చినదీ బతికినదీ ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. గీకితే రక్తం ఆగదు. పైగా అప్పటికే వాపుతో కుదేలైన శరీరంపై పెద్ద ఆపరేషన్ భారం పడుతుంది. 1997లో మెక్సికో నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 48 నుంచి 72 గంటల లోపు ఆపరేషన్ చేసినవారిలో 56 శాతం మంది చనిపోయారు. కనీసం 12 రోజులు ఆగి చేసినవారిలో అది 27 శాతం. రోగుల సంఖ్య చిన్నదే, గణాంకాల పరంగా ఆ తేడా నిర్ధారణ కాలేదు. అయినా ముందుగా చేస్తున్న వారిలో మరణాలు చూసి అధ్యయనాన్నే మధ్యలో ఆపేశారు. ఆ తర్వాత ఆ దారిన వెళ్లడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కురుపు పక్వానికి రాకముందే కోయకూడదని పెద్దలు అనే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సుమారు నాలుగు వారాలకు చచ్చిన కణజాలం మెత్తబడి ద్రవంగా మారుతుంది, దాని చుట్టూ గట్టి గోడ ఏర్పడుతుంది. గోడ ఉన్నప్పుడు లోపలికి దారి చేయడం సులువు, చీము పొట్టంతా పాకదు, బతికిన కణజాలం దెబ్బతినదు.

ఇన్‌ఫెక్షన్ ఖాయమని తెలిశాక కూడా ఆగవచ్చా? చాలా కాలం పాటు డాక్టర్లే దీనిపై రెండుగా చీలి ఉండేవారు. పొట్ట తెరవకపోయినా, చీము బయటికి తీసే ట్యూబైనా వెంటనే వేయాలని కొందరి వాదన. నెదర్లాండ్స్ బృందం 104 మందితో చేసి 2021లో ప్రచురించిన పాయింటర్ అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. ఇన్‌ఫెక్షన్ తెలిసిన 24 గంటల్లోపు ట్యూబు వేసినవారికీ, యాంటీబయాటిక్స్ ఇస్తూ గోడ ఏర్పడేదాకా ఆగినవారికీ దుష్ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆగినవారిలో 39 శాతం మందికి అసలు ట్యూబు అవసరమే పడలేదు, మందులతోనే కోలుకున్నారు. వెంటనే వేసినవారికి సగటున 4.4 సార్లు ఏదో ఒక ప్రక్రియ చేయవలసి వస్తే, ఆగినవారికి 2.6 సార్లు సరిపోయింది.

అందుకే డాక్టరు "ఇన్‌ఫెక్షన్ ఉంది, కానీ మనిషి నిలకడగా ఉన్నాడు, యాంటీబయాటిక్స్‌తో చూద్దాం" అంటే దాన్ని చేతులెత్తేయడంగా చూడవద్దు. అది వైద్యమే. ఆగడమంటే ఊరుకోవడం కాదు. ఆ రోజుల్లో ముక్కు నుంచి వేసిన సన్నని ట్యూబు ద్వారా ఆహారం, రక్తపోటు, మూత్రం, ఆక్సిజన్ గంటగంటకూ చూడటం, అవసరమైనప్పుడు మళ్లీ స్కాన్ అన్నీ సాగుతూనే ఉండాలి. యాంటీబయాటిక్స్ ఇస్తున్నా మనిషి దిగజారుతుంటే నాలుగు వారాల లెక్క పట్టుకుని కూర్చోకూడదు. అప్పుడు రెండో వారంలోనైనా, మూడో వారంలోనైనా బయటి నుంచి ట్యూబు వేసి చీము తీయాలి. పెద్ద కోతను మాత్రం అప్పుడు కూడా వీలైనంత వెనక్కి నెట్టాలి.

మెట్టు మెట్టుగా వెళ్లడమా, ఒకేసారి తెరవడమా

ఈ ఎంపికలో సందేహానికి ఇక పెద్దగా చోటు లేదు. 2010లో నెదర్లాండ్స్ నుంచే వచ్చిన పాంటర్ అధ్యయనంలో 88 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు నేరుగా పొట్ట తెరిచి చచ్చిన కణజాలం తీశారు. రెండో గుంపుకు ముందు ట్యూబు వేశారు, 72 గంటల్లో మెరుగు కనిపించకపోతే ట్యూబు చోటు సరిచేశారు లేదా మరొకటి చేర్చారు, అదీ చాలకపోతేనే చిన్న కోతతో కణజాలం తీశారు. పెద్ద దుష్ఫలితాలు లేదా మరణం మొదటి గుంపులో 69 శాతం, రెండో గుంపులో 40 శాతం. మెట్టు మెట్టుగా వెళ్లినవారిలో 35 శాతం మందికి ట్యూబు తప్ప మరేదీ అవసరం కాలేదు.

మరణాల సంఖ్యలో మాత్రం రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. ఈ మాట బంధువులకు దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం. చిన్న దారిన వెళ్లినంత మాత్రాన ప్రాణాపాయం తొలగిపోదు. తేడా కనిపించేది బతికి బయటపడ్డవారి జీవితంలో. కొత్తగా షుగర్ జబ్బు వచ్చినవారు 38 శాతానికి బదులు 16 శాతం. కోత చోట హెర్నియా వచ్చినవారు 24 శాతానికి బదులు 7 శాతం. ఒకేసారి పలు అవయవాలు కొత్తగా దెబ్బతినడం 40 శాతం నుంచి 12 శాతానికి పడిపోయింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి ఇంటికి వెళ్లిన మనిషికి ఇవి చిన్న విషయాలు కావు.

పక్క నుంచి దారి, కడుపు లోపలి నుంచి దారి

ఇప్పుడు నిజంగా తర్జనభర్జన జరిగేది ఈ రెండింటి మధ్యే. మొదటిది చర్మం మీదుగా వెళ్లే దారి. స్కాన్ చూస్తూ, వీలైతే ఎడమ నడుము పక్క నుంచి, పేగులను తాకకుండా ట్యూబు వేస్తారు. రోజూ సెలైన్‌తో దాన్ని కడుగుతుంటారు. చాలకపోతే సర్జన్ అదే ట్యూబు వెంట సుమారు 5 సెంటీమీటర్ల కోతతో లోపలికి వెళ్లి, కెమెరా సాయంతో వదులుగా ఉన్న చచ్చిన కణజాలాన్ని తీస్తారు. వదులుగా ఉన్నదే. అతుక్కుని ఉన్నదాన్ని లాగితే రక్తనాళం తెగుతుంది. అంతా శుభ్రంగా ఊడ్చేయాలన్న ఆత్రం ఈ ఆపరేషన్‌లో పనికిరాదు.

రెండోది ఎండోస్కోపీ. నోటి ద్వారా కడుపులోకి వెళ్లి, కొసన ఉన్న అల్ట్రాసౌండ్‌తో రక్తనాళాలను తప్పించుకుంటూ, జీర్ణాశయం గోడ మీదుగా చీము గదిలోకి రంధ్రం చేసి, అది మూసుకుపోకుండా స్టెంట్ అనే చిన్న గొట్టం పెడతారు. ద్రవం జీర్ణాశయంలోకి కారిపోతుంది. అది చాలకపోతే అదే రంధ్రం గుండా ఎండోస్కోప్‌ను లోపలికి పంపి, ముక్కలు ముక్కలుగా కణజాలం తీస్తారు. ఇది సాధారణంగా ఒక్కసారితో అయ్యే పని కాదు. రక్తస్రావం, చిల్లు పడటం దీనిలోని ప్రమాదాలు. గదిని ఉబ్బించడానికి గాలి కాకుండా కార్బన్ డయాక్సైడ్ వాడాలి. గాలి రక్తనాళంలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ రెండింటినీ 98 మందిలో పోల్చిన టెన్షన్ అధ్యయనం 2018లో వెలువడింది. పెద్ద దుష్ఫలితాలు లేదా మరణం ఎండోస్కోపీలో 43 శాతం, సర్జరీలో 45 శాతం, అంటే సమానమే. క్లోమరసం బయటికి కారే దారి మిగిలిపోవడాన్ని ఫిస్టులా అంటారు. దాని దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది: 5 శాతం, 32 శాతం. ఆస్పత్రిలో గడిపిన రోజులు సగటున 53, 69. ఈ తేడాకు కారణం సులభంగానే అర్థమవుతుంది. నెక్రోసిస్‌లో క్లోమ నాళం తరచుగా తెగిపోతుంది. తెగిన చోట నుంచి జీర్ణరసం ఊరుతూనే ఉంటుంది. పక్క నుంచి ట్యూబు ఉంటే ఆ రసం చర్మం మీదికి వస్తుంది, వారాల తరబడి కారుతూనే ఉంటుంది. ఎండోస్కోపీ దారిలో అదే రసం జీర్ణాశయంలోకి చేరుతుంది, అది ఎలాగూ వెళ్లవలసిన చోటే కదా.

ఇది చూసి ఎండోస్కోపీయే ఎప్పుడూ మేలని తేల్చేయకూడదు. చీము గది జీర్ణాశయానికి ఆనుకుని, గట్టి గోడతో ఉంటే ఎండోస్కోపీనే ముందు అడగాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ చీము పెద్దపేగు పక్కల వెంట కిందికి, కటి వరకు జారిపోయి ఉంటే జీర్ణాశయం నుంచి దానికి దారి లేదు. అక్కడ పక్క నుంచి వేసే ట్యూబే దిక్కు. గోడ ఇంకా పక్వానికి రాలేదు, మనిషి మాత్రం దిగజారుతున్నాడు అన్నప్పుడూ అంతే. చీము రెండు చోట్లా ఉంటే రెండు దారులూ కలిపి వాడతారు: లోపలి నుంచి స్టెంట్, బయటి నుంచి ట్యూబు. అలా చేస్తే బయటి ట్యూబు తీసేశాక ఫిస్టులా మిగిలే అవకాశం తగ్గుతుంది. కాబట్టి డాక్టరును అడగవలసింది "ఏది ఆధునికం" అని కాదు, "స్కాన్‌లో చీము ఎక్కడెక్కడ ఉంది" అని.

స్టెంట్లలో ప్లాస్టిక్‌వి సన్నవి, మూసుకుపోతాయి కానీ దీర్ఘకాలం ఉంచవచ్చు. వెడల్పాటి లోహపు స్టెంట్ల గుండా ఎండోస్కోప్ నేరుగా పోతుంది. అయితే గది కుంచించుకుపోయాక లోహపు అంచు వెనక రక్తనాళానికి రాసుకుని తీవ్ర రక్తస్రావం కావచ్చు. అందుకే మూడు నాలుగు వారాలకు స్కాన్ చేసి దాన్ని తీసేయాలి.

మరో దారి కూడా ఉంది, దాని గురించి బంధువులకు తక్కువగా తెలుసు. లాపరోస్కోపీతో జీర్ణాశయం ముందు గోడ తెరిచి, వెనక గోడ గుండా చీము గదిలోకి వెళ్లి, ఒక్క ఆపరేషన్‌లోనే కణజాలం తీసి, అదే మత్తులో పిత్తాశయాన్నీ తొలగించడం. రాళ్ల వల్ల జబ్బు వచ్చి, నాలుగు వారాలు దాటి, మనిషి నిలకడగా ఉండి, చీము జీర్ణాశయం వెనకే ఉంటే ఇది చాలా మంచి ఎంపిక. ఐసీయూలో రక్తపోటు మందుల మీద ఉన్న మనిషికి మాత్రం పనికిరాదు.

ఆగకూడని సందర్భాలు

ఆగడం గురించి ఇంత చెప్పాక, ఆగితే ప్రాణం పోయే సందర్భాలు చెప్పకపోతే అన్యాయం.

పొట్ట లోపలి ఒత్తిడి 20 మిల్లీమీటర్లు (రక్తపోటులా పాదరసపు లెక్కలో) దాటి, దానివల్ల మూత్రం ఆగిపోవడమో, వెంటిలేటర్ గాలి లోపలికి పోకపోవడమో జరిగితే దాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఈ ఒత్తిడిని మూత్రపు ట్యూబు ద్వారా కొలుస్తారు. ముందు కడుపులో ట్యూబు వేసి ఖాళీ చేయడం, సెలైన్ తగ్గించడం, కండరాలు సడలే మందులివ్వడం, పొట్టలో నీరుంటే తీయడం. వీటికి లొంగకపోతే పొట్ట తెరిచి వదిలేయాలి. ఈ ఆపరేషన్ ఒత్తిడి తగ్గించడానికే. పొట్ట తెరిచాం కదా అని క్లోమం జోలికి వెళ్లకూడదు.

ట్యూబులో హఠాత్తుగా ఎర్రటి రక్తం కనిపిస్తే, కొద్దిగా వచ్చి ఆగినా సరే, తేలిగ్గా తీసుకోకూడదు. క్లోమరసం కొరికిన రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లబోయే ముందు ఇచ్చే హెచ్చరిక అది కావచ్చు. మనిషి తట్టుకునేలా ఉంటే వెంటనే రక్తనాళాల సీటీ, తర్వాత యాంజియోగ్రఫీతో ఆ నాళాన్ని లోపలి నుంచి మూసేయడం మొదటి ఎంపిక. ఈ స్థితిలో కత్తి పట్టడం చివరి మాటే కావాలి, ఎందుకంటే వాచి చివికిన కణజాలంలో నాళాన్ని వెతికి కుట్టడం ఎంత చేయి తిరిగిన సర్జన్‌కైనా కష్టమే.

పేగుకు రక్తం అందక కుళ్లినా, చిల్లు పడినా పొట్ట తెరవక తప్పదు. పెద్ద కోతకు ఈనాటికీ మిగిలి ఉన్న న్యాయమైన చోట్లు ఇవే. మిగతా దారులన్నీ ప్రయత్నించి విఫలమైనప్పుడు కూడా దాని అవసరం రావచ్చు.

పిత్తాశయం రాళ్ల సంగతి

రాళ్ల వల్ల వచ్చిన స్వల్ప జబ్బులో అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీసేయడం మేలని 2015లో పోంచో అధ్యయనం స్పష్టంగా చూపింది. తీవ్రమైన జబ్బులో అలా కాదు. చుట్టూ ద్రవం, వాపు తగ్గేదాకా, సాధారణంగా ఆరు వారాలకు పైగా ఆగాలి. ఇక వెంటనే ఈఆర్‌సీపీ (ఎండోస్కోప్‌తో పిత్తనాళంలోకి వెళ్లే ప్రక్రియ) చేసి రాయి తీయాలా అన్న ప్రశ్నకు 2020 నాటి అపెక్ అధ్యయనం జవాబిచ్చింది: పిత్తనాళంలో చీము పట్టిన లక్షణాలుంటే తప్పనిసరి, లేకపోతే హడావిడిగా చేయడం వల్ల లాభం లేదు.

ఎక్కడ చేయించాలి

ఈ జబ్బుకు ఒక్క గొప్ప సర్జన్ చాలడు. స్కాన్ చూస్తూ ట్యూబు వేయగల రేడియాలజిస్టు, స్టెంట్ పెట్టి కణజాలం తీయగల ఎండోస్కోపీ నిపుణుడు, క్లోమం సర్జరీలో అనుభవమున్న సర్జన్, రాత్రిపూట కూడా యాంజియోగ్రఫీ, మంచి ఐసీయూ ఒకే చోట ఉండాలి. ఏ ఒక్క దారే తెలిసిన చోట రోగులందరికీ ఆ దారే సలహాగా వస్తుంది. ఇది మనుషుల చెడ్డతనం కాదు, చేతిలో ఉన్న పనిముట్టును బట్టి ఆలోచన నడవడం. అందుకే "మీ దగ్గర మిగతా రెండు పద్ధతులూ చేస్తారా, చేయకపోతే ఎప్పుడు పంపిస్తారు" అని మొదట్లోనే అడగండి. ఇలా అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోడు. మార్చాలనుకుంటే మొదటి వారంలోనే, అవయవాలు కుప్పకూలకముందే మార్చడం మంచిది. అప్పటికే చీముతో దిగజారిన మనిషిని ట్యూబు వేసి కాస్త నిలబెట్టాకే తరలించాలి.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూసుకోండి: లోపల ఏ రకం స్టెంట్ ఉంది, దాన్ని ఏ తేదీన తీస్తారు, క్లోమ నాళం తెగి ఉందా లేదా. నాళం తెగి ఉంటే లోహపు స్టెంట్ తీసేసి దాని చోట ప్లాస్టిక్ స్టెంట్లను ఎక్కువ కాలం ఉంచమని చాలా చోట్ల సలహా ఇస్తారు. రసం మళ్లీ లోపల చేరకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. తర్వాతి నెలల్లో బరువు తగ్గుతూ, మలం జిడ్డుగా తేలుతుంటే క్లోమ ఎంజైములు మాత్రల రూపంలో ఆహారంతోపాటు తీసుకోవలసి ఉంటుంది. షుగర్ పరీక్ష మొదటి ఏడాది మూడు నెలలకోసారి చేయించడం మంచిది. జబ్బుకు కారణం మద్యమైతే ఒక్క చుక్క కూడా తాకకూడదు, ఈ విషయంలో బేరసారాలకు తావు లేదు. ట్రైగ్లిసరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) కారణమైతే వాటి మందులు మానకూడదు.